మనలో మనం

మధ్యాహ్నం భోజనాల వేళ దాటి చాలాసేపైంది. బోర్డులాయన చూపుడువేలు కొంకర్లు పోయి, కలం పట్టు తప్పి, ‘అత్తయ్యగారికి’ అన్న మాటలో య కింది వత్తు దగ్గర సిరా చెదిరింది. మరక పడ్డ ఉత్తరానికి కూలి ఇవ్వరు. పైగా కాగితం ఖరీదు కోసుకుంటారు. అది మామూలు కాగితం కాదు. మందంగా, లేత పసుపు రంగులో, ఒకసారి చేతిలోకి తీసుకున్నాక పారేయబుద్ధి కాని రకం. ఆయన దాన్ని నలిపి జేబులో కుక్కుకుని, చేతిని చంకలో దాచుకుని కాసేపు కూర్చుని, మళ్ళీ ‘అత్తయ్యగారికి నమస్కారం’ అని మొదలుపెట్టాడు. ఆ అత్తయ్యగారెవరో ఆయనకి తెలియదు. అరవై దాటిన ఆడమనిషనీ, ఫలానా వీధిలో సొంత ఇల్లుందనీ మాత్రం ఇళ్ళు కొనిపించే ఏజెంటు చెప్పాడు. ఆమె ఆ ఇంటిని అమ్ముతానని ఎవరితోనూ అనలేదు. అనకముందే అడగడం ఏజెంటు చేసే వ్యాపారం.

మందుల దుకాణం పైన మేడగదిలో ఉంది ఆ ఏజెంటు ఆఫీసు. అద్దాల తలుపు వెనక ఏజెంటు కూర్చుంటాడు, ఇవతల కిటికీ పక్కన బోర్డులాయన. ఈయన ఇక్కడికి ఎలా వచ్చిపడ్డాడో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఒకప్పుడు ఈ ఊళ్ళో దుకాణం తెరవాలంటే ముందు ఈయన కోసం కబురు పంపేవాళ్ళు. నిచ్చెన వేసుకుని, రెండు డబ్బాల రంగు, మూడు కుంచెలతో గోడ ఎక్కితే సాయంత్రానికి రోడ్డు మీద పోయేవాళ్ళు తల తిప్పి చూసేలా పేరు రాసి దిగేవాడు. బోర్డు చెప్పకూడదురా, పిలవాలి అని పని నేర్పిన గురువు అంటుండేవాడట. ఆ గురువు దగ్గరే తలకట్టు చివర చిన్న కొక్కెం తిప్పడం నేర్చుకున్నాడు. అదే ఈయన గుర్తు. ఊరంతా బోర్డులాయన అనేవాళ్ళు. ఇంట్లో పెట్టిన పేరు భార్య కూడా వాడడం మానేసింది. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఈయన రోజంతా చేసే పని మిషను ముక్కు చీదినంతలో చేసేసింది. కుంచెలు గట్టిపడ్డాయి. భార్య విద్యార్థుల హాస్టలు వంటగదిలో గిన్నెలు తోమే పనికి కుదిరింది. ఈయన ఏడాదిపాటు ఏదొస్తే అది చేశాడు, అందులో ఎక్కువ రోజులు ఏదీ రాలేదు.

ఏజెంటు తన తలుపు మీద పేరు రాయించుకోవడానికి పిలిచి, ఆ రాత చూసి ముచ్చటపడ్డాడు. అచ్చేసిన కాగితాలు జనం చూడకుండానే చించేస్తున్నారని, చేత్తో రాసిన ఉత్తరమైతే కనీసం విప్పుతారని అతని లెక్క. ఉత్తరానికి రెండు టీల డబ్బులిస్తానన్నాడు. బోర్డులాయన బేరం కూడా ఆడలేదు.

మొదట్లో ఏజెంటు ఇచ్చిన నమూనా ఇలా ఉండేది: ‘ఆర్యా, మీ గృహమును మేము కొనుగోలు చేయదలచితిమి. ఆసక్తి కలిగినచో సంప్రదించగలరు.’ నెల రోజులు రాస్తే ఒక్కరూ పలకలేదు. అప్పుడు బోర్డులాయనకి పాత వృత్తి పురుగు తొలిచింది. ఇది చెబుతోంది గానీ పిలవడం లేదు సార్ అన్నాడు. ఆర్యా అంటే ఎవరు పలుకుతారు, వరస కలపాలి అన్నాడు. మేము అంటే వాళ్ళని గుమ్మం బయట నిలబెట్టినట్టు, మనం అంటే లోపలికి పిలిచినట్టు అన్నాడు. ఏజెంటు నవ్వి, సరే కానివ్వండి చూద్దాం అన్నాడు. బోర్డులాయన ఒక సాయంత్రం కూర్చుని సొంతంగా రాశాడు:

‘అక్కయ్యగారికి నమస్కారం. రోజూ మీ వీధిలోంచే పనికి వెళ్తుంటాను. మీ ఇంటి ముందుకి వచ్చేసరికి కాళ్ళు నెమ్మదిస్తాయి. మాది చిన్న కుటుంబం, అద్దె ఇళ్ళు తిరిగి తిరిగి విసిగిపోయాం. మీరు ఇల్లు అమ్ముతున్నారని ఎవరూ చెప్పలేదు, అయినా అడగాలనిపించింది. ఎప్పుడైనా ఆ ఆలోచన వస్తే బోర్డు పెట్టకండి, నలుగురికీ చెప్పకండి. మనలో మనం మాట్లాడుకుందాం.’

రోజూ ఆ వీధిలోంచి వెళ్ళడం తప్ప అందులో అబద్ధమని తేల్చదగ్గది పెద్దగా లేదు. అద్దె ఇళ్ళు తిరిగింది నిజం, విసిగింది మరీ నిజం. అందుకే కాబోలు, జనం పలికారు. వయసుని బట్టి పిన్నిగారికి, బాబాయిగారికి, అత్తయ్యగారికి, పెద్దనాన్నగారికి అని మారుస్తూ పోయాడు. ఏజెంటు ఆయన్ని గురువుగారూ అని పిలవడం మొదలుపెట్టి, ఉత్తరానికి మూడో టీ డబ్బులు కూడా కలిపాడు. ఆ రోజు బోర్డులాయన ఇంటికెళ్ళి భార్యకి గొప్పగా చెప్పుకున్నాడు. ఆవిడ సబ్బునీళ్ళకి ఒరుసుకుపోయిన వేళ్ళకి నూనె రాసుకుంటూ, పోనీలే ఇన్నాళ్ళకి నీ రాతకి మంచి రోజులొచ్చాయి అంది.

సరే, ఆ మధ్యాహ్నానికి వద్దాం. అత్తయ్యగారి ఉత్తరం సగంలో ఉండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక్కో మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎవరో ఎక్కుతున్నారు. యాభై అయిదు దాటిన ఆడమనిషి గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఆమెతోపాటు బొగ్గుల వాసన, గంజి వాసన లోపలికి వచ్చాయి. కుడిచేతి మణికట్టు దగ్గర పాత కాలిన మచ్చలున్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో లేత పసుపు రంగు కాగితం.

“ఈ ఉత్తరం రాసిన తమ్ముడెవరండీ?” అంది.

ఏజెంటు అద్దాల తలుపు తోసుకుని వచ్చాడు. ఒక్క క్షణం ఆమె వైపు, ఒక్క క్షణం బోర్డులాయన వైపు చూశాడు. తర్వాత చెయ్యి తెచ్చి బోర్డులాయన భుజం మీద వేశాడు.

“ఈయనేనమ్మా. మా దగ్గరే రాతపని చేస్తారు. ఇల్లు మాత్రం సొంతానికే అడుగుతున్నారు.”

బోర్డులాయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఆ మూసుకోవడమే ఆయన చేసిన పెద్ద పని. తర్వాత జరిగినదంతా అందులోంచే వచ్చింది.

ఆమె కుర్చీలో కూర్చుని మోకాళ్ళు రాసుకుంటూ చాలా చెప్పింది. వీధి మూలమీద ఇల్లు. ముందుగదిలో ఇస్త్రీ బల్ల. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు కలగలేదు. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి, ఇంత ఇల్లు ఊడ్చుకోవడం కష్టమైపోతోంది. అయినా అమ్మాలని ఎప్పుడూ అనుకోలేదు. ఇంతకుముందు ఎవరో అచ్చు కాగితాలు పంపితే వాటితో పొయ్యి రాజేసుకుంది. ఈ ఉత్తరం మాత్రం పొయ్యిలో పెట్టడానికి చెయ్యి రాలేదు.

“ఎందుకో తెలీదు తమ్ముడూ, ఈ రాత ఎక్కడో రోజూ చూసినట్టే ఉంది. మా అమ్మకి నేనొక్కదాన్నే. అక్కయ్యా అని పిలిచినవాళ్ళు లేరు. మొదటిసారి కాగితం మీదే చదువుకున్నా.”

ఇల్లు చూడటానికి భార్యని తీసుకుని రమ్మంది. వెళ్తూ వెళ్తూ, ఉత్తరంలో నువ్వు చెప్పినట్టే ఎవరితోనూ అనలేదు అని, ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వింది.

ఆమె మెట్లు దిగిపోయాక ఏజెంటు కుర్చీ లాక్కుని కూర్చుని విషయం విడమరచి చెప్పాడు. ఆ వీధి మొత్తం ఒక కంపెనీకి కావాలి. లారీలు వచ్చిపోయే పెద్ద గోడౌను కడతారు. మూలమీద ఇల్లు పడగొడితే గానీ లారీ తిరగదు. ఆ ఒక్క ఇంటికి కంపెనీ నలభై లక్షలైనా ఇస్తుంది. ఆమెకి పదకొండు చెబుదాం. అమ్మే మాట ఎవరితోనూ అనలేదు కాబట్టి బయట ధర ఆమెకి తెలియదు. మీరు భార్యతో వెళ్ళి కూర్చుని టీ తాగి రండి గురువుగారూ, ఇది ముగిస్తే మీ ఆవిడ హాస్టలు పని మానేయొచ్చు అన్నాడు. బోర్డులాయన సరేనన్నాడు. ఆయనకి భార్య వేళ్ళు గుర్తొచ్చాయి. అవి గుర్తొస్తాయని తెలిసే ఏజెంటు ఆ మాట అన్నాడు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ ఆ వీధికి వెళ్ళారు. ఆఫీసు పనేలే, ఊరికే పక్కన కూర్చుంటే చాలు అని ఆవిడకి చెప్పాడు. వీధి మొదట్లోనే ఆయన నడక తడబడింది. ఇటు నాలుగు ఇళ్ళకి తాళాలు, అటు మూడింటికి తాళాలు. ఒక గుమ్మం ముందు పాత మంచం విప్పి పడేసి ఉంది. ఇంటి నంబర్లు ఒక్కొక్కటే చదువుతుంటే ఒక్కొక్క వరస గుర్తొచ్చింది. ఇది పిన్నిగారిది. ఇది బాబాయిగారిది. ఆ కిటికీ విరిగినది పెద్దనాన్నగారిది. ఎవరినీ ఆయన చూసి ఎరగడు. మనలో మనం అని వాళ్ళందరితోనూ అన్నాడు, వాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు అమ్ముకుని వెళ్ళిపోయారు.

మూలమీద ఇంటి గుమ్మం దగ్గర ఆగి తలెత్తాడు. తలుపు పైన రేకు బోర్డు. ఎండకి నీలం రంగు వెలిసి బూడిద రంగుకి తిరిగినా అక్షరాలు చెక్కుచెదరలేదు. ‘ఇచ్చట బట్టలు ఇస్త్రీ చేయబడును.’ ప్రతి తలకట్టు చివరా చిన్న కొక్కెం.

ఆయనకి ఆ రోజు గుర్తొచ్చింది. ఇంకా మీసాలు సరిగా రాని రోజులు. ఈ ఇంటాయన నిచ్చెన కదలకుండా కింద పట్టుకుని నిలబడి, ‘స్త్రీ’ అన్న అక్షరం ఇంత కష్టమా అని నవ్వాడు. లోపలినుంచి ఒక కొత్తకోడలు తొంగిచూసి సిగ్గుపడి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ ఆ మనిషి ఈ రాత కిందనుంచే లోపలికీ బయటికీ తిరిగింది. ఎక్కడో రోజూ చూసినట్టుందంటే ఉండదూ మరి. ఆమె నమ్మింది ఉత్తరాన్ని కాదు, ఈ రేకుని.

ఆమె ఎంతో సంబరంగా ఎదురొచ్చింది. ముందుగదిలో బల్ల, దాని మీద మడతలు పెట్టిన దుప్పటి, దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో పాత మాడు మచ్చలు. గోడవారగా బట్టల మూటలకి చెక్క అరలున్నాయి, చాలా అరలు ఖాళీ. ఈమధ్య వీధిలో బట్టలు తగ్గిపోయాయి తమ్ముడూ అంది. పక్కింటివాళ్ళు వెళ్ళిపోయారు, ఎదురింటివాళ్ళు వెళ్ళిపోయారు, ఎక్కడికని అడిగితే నవ్వి ఊరుకున్నారు, ఏం బాధలు వచ్చాయో పాపం అంది. పాతికేళ్ళు చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్న మనిషి పోతూపోతూ చెప్పకుండా పోతాడా అని కాసేపు వాపోయింది.

తర్వాత బోర్డులాయన భార్య చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పింది. కుళాయి తిప్పేటప్పుడు కొంచెం ఎత్తి తిప్పాలని చెప్పింది. ఏ కిటికీలోంచి మధ్యాహ్నం గాలొస్తుందో చూపించింది. వంటగదిలో పొయ్యి ఇటు పెట్టుకో అమ్మాయీ, అటు పెడితే పొగ నడింట్లోకి వస్తుంది, నేను పదేళ్ళు తప్పు పెట్టుకుని కళ్ళు పాడుచేసుకున్నా అంది. బోర్డులాయన భార్య ప్రతిదానికీ తలూపింది. ఒకచోట గోడ మీద చెయ్యి వేసి, అలా ఉంచేసింది. సొంత గోడ ఎలా ఉంటుందో చూసుకుంటున్నట్టనిపించి ఆయన చూపు తిప్పుకున్నాడు.

ధర సంగతికి వచ్చేసరికి ఆమె బేరమే ఆడలేదు.

“ఎంతో నీకు తోచింది ఇవ్వు. నాకు ఒక్కటే కావాలి. ముందుగదిలో బల్ల నాకుంచు. చేతులాడినన్నాళ్ళు ఇస్త్రీ చేసుకుంటా, ఓ మూల పడుకుంటా. మీ ఇద్దరి బట్టలు ఊరికే చేసిపెడతా. ఈ మాట నువ్వు నీ చేత్తో రాసివ్వు, చాలు. వకీలు రాతలు నాకు అర్థం కావు. నీ రాత అర్థమవుతుంది.”

తాళాలు వేసిన ఇళ్ళు దాటి, మెయిన్ రోడ్డు ఎక్కి, బస్సు కోసం నిలబడ్డాక ఆవిడ అడిగింది, మనం నిజంగా కొనడం లేదు కదా అని. లేదన్నాడు. మరి ఎవరు కొంటున్నారంటే చెప్పాడు. లారీల సంగతి కూడా చెప్పాడు. ఆవిడ బస్సు వచ్చే వైపే చూస్తూ అంది:

“నాకు పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో చూపించింది.”

ఆ తర్వాత ఆవిడ ఆయనతో ఆ రోజు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే లేచి, డబ్బాలో అన్నం సర్ది ఆయన సంచి పక్కన పెట్టి, హాస్టలుకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని ఆయన దారంతా అనుకున్నాడు.

ఆఫీసులో ఏజెంటు కొత్త కాగితం, కొత్త కలం సిద్ధం చేసి ఉంచాడు. ఇది మామూలు ఉత్తరం కాదు, ఇంత ధరకి కొంటామని రాసిచ్చే ఉత్తరం. దీని మీద ఆమె సంతకం పెడితే మర్నాడే బయానా ఇచ్చి, వారం తిరక్కుండా రిజిస్ట్రేషను చేయించేస్తారు. ఏజెంటు అటూ ఇటూ నడుస్తూ చెప్పసాగాడు, బోర్డులాయన రాయసాగాడు. అక్కయ్యగారికి నమస్కారం. మీ ఇంటికి పదకొండు లక్షలు ఇచ్చుకోగలం. ముందుగది ఎప్పటికీ మీదే. మీ చేతుల్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ మీ బల్ల అక్కడే ఉంటుంది.

బోర్డులాయన కలం ఆపాడు. ఈ ముందుగది మాట దస్తావేజులో కూడా ఉంటుందా అని అడిగాడు.

“ఉత్తరంలో ఉంటుంది గురువుగారూ. ఉత్తరం ఉత్తరమే, దస్తావేజు దస్తావేజే. రాయండి. మనలో మనం అనుకున్న ప్రకారం…”

బోర్డులాయన మ రాశాడు. న రాశాడు. న మీద తలకట్టు పెట్టబోయి, కొక్కెం తిప్పే చోట ఆగిపోయాడు. కిటికీ కింద రోడ్డు మీద ఎవరో తోపుడుబండి తోసుకుంటూ పోతున్నారు. ఆ చక్రం కీచుమంటూ దూరమయ్యేదాకా ఆయన కలం కాగితం మీదే ఉంది, సిరా ఊరి చుక్కయింది, చుక్క మరకైంది. ఆయన కలం మూత పెట్టాడు.

“ఈ మాట నేను రాయను సార్.”

“ఏ మాట?”

“మనం.”

ఏజెంటుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం కూడా తెచ్చుకోలేదు. మూడు టీలు చాలడం లేదా అని అడిగాడు. కాదన్నాడు ఈయన. భార్య ఏమైనా అందా అని అడిగాడు. ఏమీ అనలేదన్నాడు. ఆ ఇంటి బోర్డు నేను రాశాను సార్ అని చెబుదామనుకున్నాడు గానీ, చెబితే అది కూడా వ్యాపారానికి పనికొస్తుందేమోనని భయమేసి ఊరుకున్నాడు.

“నువ్వు రాయకపోతే పని ఆగిపోతుందనుకున్నావా?” అన్నాడు ఏజెంటు. ‘గురువుగారూ’ అన్న పిలుపు, ‘మీరు’ అన్న మర్యాద రెండూ ఒక్క మాటలోనే ఎగిరిపోయాయి. “ఇలా రా, చూద్దువుగాని.”

అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఏజెంటు టకటకా ఏదో కొట్టాడు. మూల ఉన్న ప్రింటరు గురగురలాడి, లేత పసుపు కాగితం ఒకటి నెమ్మదిగా బయటికి కక్కింది. అక్కయ్యగారికి నమస్కారం. అచ్చంగా బోర్డులాయన రాతే. క కింద వత్తు ఆయనదే, య కింద వత్తు ఆయనదే, ప్రతి తలకట్టుకీ కొక్కెం ఉంది. ఇన్ని నెలలు రాసిన ఉత్తరాలన్నీ ఎవరికో ఇచ్చి, అక్షరం అక్షరం విడదీయించి మిషనులోకి ఎక్కించారట. మరక లేదు, వేలి నొప్పి లేదు. చివరి వరసలో మనలో మనం అని ఉంది, అది రాయడానికి మిషను ఎక్కడా తడబడలేదు.

బోర్డులాయన ఆ కాగితం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఫ్లెక్సీ వచ్చినప్పుడు పని పోయింది, అంతే. ఈసారి చెయ్యే పోయినట్టుంది. ఏజెంటు ఉత్తరం మడిచి కవరులో పెడుతూ, కాసేపట్లో నేనే వెళ్ళి ఇచ్చి సంతకం పెట్టించుకుంటా, నువ్వు ఇంటికెళ్ళి పడుకో, రేపటినుంచి రానక్కర్లేదు అన్నాడు. రావలసిన కూలి గురించి ఈయన అడగలేదు, అతనూ ఆ మాట ఎత్తలేదు.

మెట్లు దిగాడు. ఇంటి దారి ఎడమకి. కుడివైపు తిరిగి, భోజనం డబ్బా ఉన్న సంచి భుజాన వేసుకుని గబగబా నడిచాడు. బస్సుకి ఆగితే ఏజెంటు మోటారుసైకిలు ముందు చేరుతుందని భయం. ఏమని చెప్పాలో దారిపొడుగునా కూడబలుక్కున్నాడు. ఇళ్ళకి తాళాలున్న వీధిలోకి తిరిగేసరికి ఆ కూడబలుక్కున్నదంతా పోయింది.

ఆమె ఎవరిదో తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. రా తమ్ముడూ, ఒక్కడివే వచ్చావే, అమ్మాయేది అంది. ఆయన గుమ్మం లోపలికి రాలేదు.

“నేను మీ తమ్ముణ్ణి కానండీ,” అన్నాడు.

“ఈ అండీ ఏంటి కొత్తగా?” అంది ఆమె నవ్వుతూ, పెట్టె ఆపకుండానే.

అప్పుడు చెప్పాడు. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పాడు. ఇల్లు కొనేది కంపెనీ అనీ, లారీ తిరగడానికి ఇల్లు పడగొడతారనీ, బల్లా ఉండదు ముందుగదీ ఉండదనీ, ఏజెంటు పదకొండు లక్షలంటాడు గానీ కంపెనీ నలభై ఇస్తుందనీ. తను రాతకూలికి రాశాననీ, వరస కలపమన్నదీ తనేననీ, మనం అన్న మాట పెట్టమన్నదీ తనేననీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె చొక్కా చెయ్యి మడత తిప్పుతూనే ఉంది. చివరికి పెట్టె తీసి పక్కన ఇటుక మీద నిలబెట్టింది.

“పక్కింటావిడకి ఏమని రాశావు?”

“పిన్నిగారని.”

“ఎదురింటాయనకి?”

“బాబాయిగారని.”

“ఆ చివర కళ్ళద్దాలాయనకి?”

“పెద్దనాన్నగారని.”

“వీధి వీధంతా నీ చుట్టాలేనన్నమాట.” ఆమె ఖాళీ అరల వైపు చూసింది. “అందుకా వాళ్ళు చెప్పకుండా పోయారు. నేను వాళ్ళని తిట్టుకున్నా.”

బోర్డులాయన తలెత్తలేకపోయాడు. ఈ వీధిలో చొక్కాలు లేకుండా చేసింది తనేనని అప్పుడే పూర్తిగా తెలిసొచ్చింది. ఈమె ఇల్లు అమ్మకపోయినా ఇక్కడ ఎవరి బట్టలు ఇస్త్రీ చేస్తుంది? నిజం చెబితే భారం దిగుతుందనుకున్నాడు. కొత్తగా ఇంకొకటి ఎక్కి కూర్చుంది.

“ఇల్లు సంగతి అలా ఉంచు,” అంది ఆమె. “అక్కయ్యా అన్నావు. అది కూడా కూలికేనా?”

కూలికే రాశాడు, నిజమే. తల పైకెత్తి రేకు బోర్డు చూపించి, అది రాసింది కూడా నేనే అన్నాడు. అది మాత్రం మంచికే రాశాను అన్నాడు. మీ ఆయన కింద నిచ్చెన పట్టుకున్నాడు, ‘స్త్రీ’ ఇంత కష్టమా అని నవ్వాడు అన్నాడు. ఆమె బల్ల దాటి గుమ్మంలోకి వచ్చి, మెడ వెనక్కి వంచి బోర్డు వైపు చూసింది. రోజూ చూసే దాన్ని ఇప్పుడే చూస్తున్నట్టు చాలాసేపు చూసింది. కళ్ళు నీళ్ళతో నిండాయి గానీ తుడుచుకోలేదు.

వీధి మొదట్లో మోటారుసైకిలు చప్పుడైంది. తాళాలు వేసిన ఇళ్ళ మధ్య ఆ చప్పుడు మామూలుకంటే పెద్దగా వినిపించింది. ఏజెంటు బండి ఆపి, బోర్డులాయన్ని చూసి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ముఖం నిండా నవ్వు తెచ్చుకుని కవరు తీసుకుని వచ్చాడు.

“అమ్మా, మీ తమ్ముడు ఉత్తరం రాసిచ్చారు. మీరు అడిగిన ముందుగది మాట కూడా ఉంది, చూసుకోండి.”

ఆమె కవరు తీసుకుంది. ఉత్తరం విప్పి ఒకసారి చదివింది. తర్వాత పైన రేకు వైపు, చేతిలో కాగితం వైపు మార్చి మార్చి చూసింది. వేలితో ఒక తలకట్టు కొక్కెం మీద మెల్లగా రుద్దింది. సిరా ఏమాత్రం కదలలేదు. కాగితాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచి, అంచులు సరిచేసి, కవరులో పెట్టి తిరిగి అతని చేతికిచ్చింది.

“ఈ ఇల్లు మేం అమ్మం.”

ఏజెంటు ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే బల్ల వెనక్కి వెళ్ళిపోయింది. ఇస్త్రీ పెట్టె మూత తెరిచి, బొగ్గుల మీద బూడిద ఊదింది. ఇంకా ఎర్రదనం ఉంది. తెల్లచొక్కా రెండో చెయ్యి బల్ల మీద పరిచి, నీళ్ళు చిలకరించింది. వీధిలో మిగిలిన ఆ ఒక్క చొక్కా ఎవరిదో బోర్డులాయనకి తెలియదు.

ఆయన గుమ్మం బయటే నిలబడ్డాడు. మేం అంది ఆమె. ఆ మాటలో ఆమె ఉంది, పోయిన మొగుడున్నాడు, అది సరే. తను ఉన్నాడో లేడో ఆయనకి తెలియలేదు. లోపలికి వెళ్ళి అడగడానికి కాళ్ళు రాలేదు, వెనక్కి తిరిగి వెళ్ళిపోవడానికీ రాలేదు.